అస్లీ రుచి ఏది? – హైదరాబాదులో పరదేశీ వంటల చరిత్ర

హైదరాబాదు బజార్లలో నాలుగడుగులు వేస్తే చాలు, హోటళ్ళ బోర్డుల మీద "అస్లీ" అన్న మాట కనబడుతుంది. అస్లీ ఇరానీ చాయ్, ఒరిజినల్ అరేబియన్ మండి, అసలైన హైదరాబాదీ హలీం! ఎదురెదురుగా ఉన్న రెండు హోటళ్ళూ మాదే అస్లీ అంటే మాదే అస్లీ అంటాయి. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి ఎవరి మాట నమ్మాలి? దేన్ని బట్టి తేల్చుకోవాలి? ఇది నాలుకకు సంబంధించిన చిన్న సంగతిగా కొందరికి తోచవచ్చు. కాని ప్రతి వంటకం వెనుకా దాన్ని మోసుకొచ్చిన మనుషులుంటారు. వాళ్ళ వలస ఉంటుంది, వాళ్ళ బతుకుతెరువు ఉంటుంది. పేరు ఒకరిదీ, గల్లాపెట్టె మరొకరిదీ అయిపోతే రుచితో పాటు ఆ మనుషుల చరిత్ర కూడా మరుగున పడిపోతుంది.

సాధారణంగా లోకం వాడే కొలత ఒకటుంది. ఏ దేశం పేరు చెబుతామో ఆ దేశంలో వండినట్టే వండితే అస్లీ, లేకపోతే నకిలీ. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. అయితే మన నగరంలో పేరుపొందిన మూడు పరదేశీ వంటకాలను ఈ కొలత పెట్టి చూస్తే ఒక్కటీ నిలబడదు. అలాగని ఆ మూడూ నకిలీవనడానికి నోరు రాదు. కాబట్టి తప్పు వంటలో ఉందా, కొలతలో ఉందా అని చరిత్రను అడిగి చూద్దాం.

ఇరానులో లేని ఇరానీ చాయ్

ఇరానుతో మన నగర సంబంధం ఊరు పుట్టిన నాటిది. గోల్కొండ కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరానులోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదును కట్టించినప్పుడు నగర నిర్మాణానికి పథకం వేసిన మీర్ మోమిన్ అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. నిజాముల కాలంలో కూడా 1880ల దాకా కచేరీ భాష పారసీకమే. అయితే చాయ్ హోటళ్ళు పెట్టిన ఇరానీలు ఈ దర్బారు మనుషుల వంశాలవారు కారు. వాళ్ళు చాలా తర్వాత, 19వ శతాబ్దం చివర నుంచి 20వ శతాబ్దం తొలి సగం దాకా, యజ్ద్ వంటి ఎండిన ప్రాంతాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన సామాన్యులు. ఓడలో బొంబాయికి చేరి, అక్కడ కొంతకాలం పనిచేసి, తర్వాత రైలెక్కి హైదరాబాదు, సికింద్రాబాదులకు వచ్చారు.

వాళ్ళ హోటళ్ళను పాతతరం వారు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెబుతారు. నాలుగు వీధుల మూల మీద దుకాణం, పాలరాతి బల్లలు, వంపు తిరిగిన కర్ర కుర్చీలు, గోడలకు నిలువెత్తు అద్దాలు, గుమ్మం పక్కన గల్లా దగ్గర యజమాని. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. 1953లో సికింద్రాబాదు ప్యారడైజ్ సినిమా హాలు దగ్గర చాయ్, సమోసాలతో మొదలైన చిన్న హోటలు కాలక్రమాన బిర్యానీకి దేశమంతటా పేరు తెచ్చుకుంది. కులాన్ని బట్టి భోజన హోటళ్ళు వేరువేరుగా ఉన్న రోజుల్లో ఇరానీ హోటల్లో రిక్షా తొక్కేవాడూ, వకీలుగారూ పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని ఒకే రకం కప్పులో చాయ్ తాగారు. ఇది చిన్న విషయం కాదు.

ఇక చాయ్ సంగతి. ఇరానులో చాయ్‌లో పాలు పోయరు. సమోవార్ మీద కాచిన ఎర్రని డికాక్షన్‌ను చిన్న గాజు గ్లాసులో పోసుకుని, చక్కెర గడ్డను పళ్ళ మధ్య పెట్టుకుని తాగుతారు. ఇంకొక విచిత్రం. అక్కడ చాయ్ దుకాణాన్ని "ఖహ్వేఖానా" అంటారు, అంటే కాఫీ ఇల్లు. ఒకప్పుడు కాఫీ తాగిన జనం చాయ్‌కి మారారు గాని దుకాణం పేరు మాత్రం మారలేదు. ఆ చాయ్ మొక్కయినా అక్కడిదేనా అంటే, అదీ కాదు. 1900 ప్రాంతంలో భారతదేశంలో ఇరాను కాన్సల్‌గా పనిచేసిన కాషిఫుస్సల్తనా అనే పెద్దమనిషి ఇక్కడ తేయాకు సాగు నేర్చుకుని, మొక్కలు తీసుకెళ్ళి లాహిజాన్‌లో నాటించాడు. ఇరాను తేయాకు తోటలకు మూలం మన దేశమే!

మరి హైదరాబాదు ఇరానీ హోటల్లో జరిగేది ఏమిటి? తేయాకు డికాక్షన్‌ను మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద దమ్ మీద పెడతారు. పాలను వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరగబెడతారు. గిరాకీ అడిగినప్పుడు కప్పులో ముందు ఒకటి, దాని మీద మరొకటి పోసి కలుపుతారు. మీగడలాంటి ఆ చిక్కదనం, కింద కాస్త వగరు, పైన తీపి. చెంచా నిలబడేంత చక్కెర వేస్తే దాన్ని "ఖడే చమ్మచ్‌కీ చాయ్" అంటారు. పక్కన పెట్టే ఉస్మానియా బిస్కెట్ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చిందే తప్ప ఇరాను నుంచి రాలేదు.

యజ్ద్ నుంచి ఎవరైనా ఇప్పుడు వచ్చి మన ఇరానీ చాయ్ తాగితే ఇది మాది కాదనే అంటారు. ఔను, వాళ్ళది కాదు. ఇరానీ చాయ్ అంటే ఇరానీల హోటల్లో దొరికే చాయ్ అని అర్థం. వలస వచ్చిన ఇరానీ, ఇక్కడి గేదె పాలతో, ఇక్కడి గిరాకీ నాలుకకు తగినట్టు తయారుచేసుకున్న బతుకుతెరువు అది. దాని జన్మస్థలం హైదరాబాదే. అందుచేత దానికి పరీక్ష కూడా ఇక్కడిదే కావాలి. పాలూ డికాక్షనూ వేర్వేరు పాత్రల్లో ఉన్నాయా, కప్పులోనే కలుస్తున్నాయా అని చూడండి. ఒకే గిన్నెలో పాలు, ఆకు, అల్లం, యాలకులు అన్నీ వేసి మరిగించి ఇచ్చే చాయ్ మంచి చాయ్ కావచ్చు, మీకు నచ్చవచ్చు కూడా. కాని బోర్డు మీద ఇరానీ పేరు రాసుకునే హక్కు దానికి లేదు.

బార్కస్ అరబ్బులు – హరీస్ గిన్నె

చార్మినార్ నుంచి దక్షిణంగా చాంద్రాయణగుట్ట దాటి వెళితే బార్కస్ వస్తుంది. సైనికుల బ్యారక్స్ అన్న మాటే జనం నోట బార్కస్ అయింది. నిజాం కొలువులో సిపాయిలుగా, ఖజానా కాపలాదారులుగా పనిచేసిన అరబ్బుల సంతతి అక్కడ స్థిరపడింది. వీరిలో ఎక్కువ మంది మూలం యెమెన్ దక్షిణాన ఉన్న హజ్రమౌత్ ప్రాంతం. 19వ శతాబ్దంలో అరబ్ జమాదార్లు హైదరాబాదులో ఎంత బలవంతులంటే, జాగీర్దార్లకు అప్పులిచ్చి జాగీర్లనే తాకట్టు పెట్టుకునేవారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్‌కు వారి బలాన్ని అదుపులో పెట్టడం పెద్ద పని అయింది. ఆ జమాదార్లలో ఒకటైన ఖుఐతీ వంశం ఇక్కడ సంపాదించిన ధనంతో హజ్రమౌత్‌లో ఏకంగా ఒక రాజ్యాన్నే నిలబెట్టింది. ముకల్లా రాజధానిగా అది 1967 దాకా సాగింది. అంటే హైదరాబాదుకూ హజ్రమౌత్‌కూ మధ్య మనుషులూ, సొమ్మూ, వంటలూ రెండు వైపులా నడిచాయన్నమాట.

1948లో నిజాం రాజ్యం ముగిసి, ఆ సైన్యం రద్దయ్యాక బార్కస్ కుటుంబాల నౌకరీలు పోయాయి. కొందరు దేశం వదిలి వెళ్ళారు. ఉండిపోయిన వాళ్ళు జామతోటలు, చిన్న వ్యాపారాలు చేసుకున్నారు. తర్వాతి తరాల వాళ్ళు గల్ఫ్ దేశాల దారి పట్టారు. కట్టుకునే లుంగీ, పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా వాద్యం, ఇంట్లో వండే హరీస్ మాత్రం ఉండిపోయాయి.

హరీస్ చాలా పాత వంటకం. గోధుమలనూ మాంసాన్నీ కలిపి గంటల తరబడి ఉడకబెట్టి, రెండూ ఒకటయ్యేదాకా దంచుతారు. అరబీలో ఆ పేరుకు దంచడమనే అర్థం. 1226లో బాగ్దాదులో అల్ బాగ్దాదీ కూర్చిన వంటల పుస్తకంలో ఇది ఉంది. మన దేశంలో అక్బరు కాలం నాటి ఆయినె అక్బరీలో అబుల్ ఫజల్ వంటకాల జాబితా ఇస్తూ హరీసాకు పది సేర్ల మాంసానికి అయిదు సేర్ల దంచిన గోధుమలని కొలత చెప్పాడు. అదే జాబితాలో హలీంను వేరే వంటకంగా చూపించి, అందులో శెనగలు, మసాలాలు, కూరగాయలు కూడా పడతాయని రాశాడు. అంటే హరీస్ వేరు, హలీం వేరు అన్న తేడా నాలుగు వందల ఏళ్ళ నాడే రాతలో ఉంది.

బార్కస్‌లో నేటికీ హరీస్ ఉదయం పూట దొరుకుతుంది. రంగు తెలుపు, మసాలా తక్కువ, పైన నెయ్యి. ఉప్పు హరీస్ ఉంటుంది, చక్కెర వేసుకుని తినే తీపి హరీస్ కూడా ఉంటుంది. కారానికి అలవాటు పడిన నాలుకకు మొదటి ముద్దలో ఇందులో ఏముందీ అనిపిస్తుంది. కాని ఇరుగుపొరుగు వారు ఇంటినుంచి గిన్నె తెచ్చుకుని పట్టుకుపోయే వంటకం కంటే నమ్మకమైన సాక్ష్యం ఏ బోర్డూ ఇవ్వలేదు.

చట్టం ఎక్కిన హలీం

ఈ హరీస్ మన దక్కను మసాలాలతో కలిసి హైదరాబాదీ హలీం అయింది. ఏడవ నిజాం కాలంలో ముకల్లాకు చెందిన అరబ్ ప్రముఖుడు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ తన విందుల్లో వడ్డించి దీనికి పేరు తెచ్చాడని పెద్దలు చెబుతారు. ఫత్తర్‌గట్టి దగ్గరి మదీనా హోటల్‌లో 1956లో హలీం అమ్మకానికి వచ్చిందని అంటారు. క్రమంగా అది రంజాన్ నెల వంటకమై, సాయంత్రం ఇఫ్తార్ వేళకు కులమతాల తేడా లేకుండా నగరమంతా వరుస కట్టే స్థితి వచ్చింది.

2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. హలీం తయారీదారుల సంఘం పెట్టుకున్న నియమాలు చూస్తే చరిత్ర నవ్వుతున్నట్టే ఉంటుంది. మేక మాంసం పది పాళ్ళయితే గోధుమ నాలుగు పాళ్ళు, పరీక్షించిన నెయ్యి, రాగి దేగ్, ఇటుకా మట్టీతో కట్టిన భట్టీ, కట్టెల మంట, పన్నెండు గంటల దాకా వంట. అక్బరు వంటశాలలో పదికి అయిదు, మన భట్టీలో పదికి నాలుగు! ఇక 2023లో యునెస్కో వారు హరీస్‌ను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చారు. అడిగినవి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఒమన్, సౌదీ అరేబియా. తల్లికి అక్కడ గుర్తింపు, బిడ్డకు ఇక్కడ గుర్తింపు. ఒకరిది ఇంకొకరు దొంగిలించారన్న మాట ఎక్కడా రాలేదు. రాకూడదు కూడా.

అయితే చట్టం కాగితం మీద ఉంటుంది, హలీం దేగ్‌లో ఉంటుంది. మంచి హలీంను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. చెంచాతో ఎత్తితే మాంసం నారలు నారలుగా సాగాలి. గోధుమ గింజ విడిగా తగలకూడదు, అలాగని పిండి కలిపిన గంజిలా జారిపోకూడదు. మిక్సీలో రుబ్బితే నార తెగిపోయి ముద్దవుతుంది. ఘోట్నాతో దంచితేనే నార నిలుస్తుంది. ఆ పెద్ద కర్రను పట్టుకుని సెగలో నిలబడి, ఇద్దరు ముగ్గురు మనుషులు గంటల తరబడి దంచుతారు. మనం డబ్బాకు ఇచ్చే ధరలో ఆ భుజాల నొప్పి కూడా ఉంది. మామూలు ధరకు సగానికే హలీం అమ్ముతున్నారంటే, మాంసం బదులు గోధుమో, దంచడం బదులు యంత్రమో వచ్చి ఉంటుందని ఊహించుకోవచ్చు.

మండి – పాత ఊరు, కొత్త దారి

మండి అనగానే మన తెలుగువారికి కూరగాయల మండి, మిర్చి మండి గుర్తుకొస్తాయి. దానికీ దీనికీ సంబంధం లేదు. అరబీలో తడి, మంచు అనే అర్థం వచ్చే మాట నుంచి ఈ పేరు వచ్చింది. దీని పుట్టిల్లు కూడా హజ్రమౌతే. నేలలో తవ్విన తందూరులో అడుగున నిప్పులు, వాటి మీద బియ్యం పాత్ర, దానికి పైన మాంసం. మూత వేసి మట్టితో బిగిస్తారు. మాంసం నుంచి కారే రసం అన్నంలోకి దిగుతుంది, పొగ వాసన రెండింటికీ పడుతుంది. కారం దాదాపు ఉండదు. పెద్ద థాల్ చుట్టూ కూర్చుని నలుగురూ ఒకే పళ్ళెంలో తింటారు.

బార్కస్ వారి పూర్వీకులు వచ్చింది హజ్రమౌత్ నుంచే కాబట్టి మండి కూడా వాళ్ళతోనే వచ్చి ఉంటుందని అనిపిస్తుంది. కాని హోటల్ వంటకంగా అది నగరంలో విస్తరించింది ఈ శతాబ్దంలోనే. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి ఉండి, అక్కడి యెమెనీ హోటళ్ళలో తిని, వండి, తిరిగొచ్చిన వాళ్ళు దాన్ని వ్యాపారంగా నిలబెట్టారు. అంటే తాతల ఊరి వంటకం మనవల దగ్గరికి దుబాయి, జిద్దాల మీదుగా చేరింది! ఇలాంటి వంకర దారులు చరిత్రలో మామూలే. ఏడెన్ రేవు 1937 దాకా బ్రిటిష్ ఇండియా పాలనలోనే ఉండేది. అక్కడ పెళ్ళిళ్ళలో వండే జుర్బియాన్ మన బిర్యానీకి దగ్గరి చుట్టం.

ఇప్పుడు మండి తెలుగు జిల్లా పట్నాలన్నిటికీ పాకింది. చేప మండి, పనీర్ మండి కూడా వచ్చాయి. చాలాచోట్ల నేల తందూరు లేదు. పసుపుపచ్చని అన్నం విడిగా వండి, నూనెలో వేయించిన కోడిని దాని మీద పెట్టి ఇస్తారు. దీన్ని తినేవాళ్ళు తింటారు, అందులో పాపమేమీ లేదు. కాని అన్నంలోకి మాంసం రసం దిగకపోతే మండి అన్న పేరుకు అర్థమే లేదు. మీరు చేయవలసిన పరీక్ష సులువు. మాంసాన్ని పక్కకు జరిపి, కింది అన్నం ఒక్క ముద్ద ఒట్టిగా తినండి. అందులో మాంసం రుచి, సన్నని పొగ వాసన ఉంటే అది మండి. చట్నీ కలుపుకుంటే తప్ప దిగకపోతే అది ఒట్టి పలావు.

మరి ఏమిటి కొలత?

ఇంత చరిత్ర చూశాక మనకు నాలుగు ప్రశ్నలు మిగులుతాయి. ఏ ఊళ్ళోనైనా, ఏ పరదేశీ హోటలుకైనా ఇవి పనికొస్తాయని నా అభిప్రాయం.

మొదటిది, ఎవరు తింటున్నారు? ఆ వంటకం ఎవరిదో వాళ్ళు సొంత డబ్బుతో అక్కడికి వస్తున్నారా? బార్కస్ ముసలివారు తినని హరీస్ బార్కస్ హరీస్ కాదు. రెండవది, ఏ వేళకు దొరుకుతుంది? గంటల తరబడి ఉడకవలసిన వంటకం ఏ క్షణంలో అడిగినా తాజాగా వస్తోందంటే అనుమానించాలి. అయిపోయింది అని చెప్పగలిగే హోటలును నమ్మవచ్చు. మూడవది, ఏ పాత్ర, ఏ మంట? రెండు గిన్నెల చాయ్, ఘోట్నా హలీం, తందూరు మండి – రుచి రహస్యం అక్కడే ఉంది. నాలుగవది, అడిగితే ఏమంటారు? దేంతో చేశారో, ఏది మార్చారో దాచకుండా చెప్పేవాడు నిజాయితీపరుడు. మార్పు నేరం కాదు. మారిస్తేనే ఇరానీ చాయ్ పుట్టింది. మార్చి, మార్చలేదని చెప్పడమే మోసం.

అడగకూడని ప్రశ్న కూడా ఒకటుంది. వండేవాడిది ఏ జాతి, ఏ రక్తం అని అడగకండి. ఈనాడు ఇరానీ పేరున్న హోటళ్ళలో భట్టీ ముందు నిలబడేది ఎక్కువగా జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలే. ఉస్తాద్ దగ్గర పదేళ్ళు నిలబడి పాల చిక్కదనం చూపుతోనే చెప్పగలిగే కుర్రవాడు, హోటలు అమ్ముకుని విదేశాలకు వెళ్ళిన యజమాని మనవడి కంటే పెద్ద ఇరానీ! ఇక్కడ వారసత్వం చేతిది.

ఆ చేయి ఇప్పుడు కష్టంలో ఉంది. మూల మీది స్థలాలకు ధర పెరిగి పాత ఇరానీ హోటళ్ళు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. చాయ్ మీద వచ్చే లాభంతో ఆ స్థలం అద్దె గిట్టడం లేదు. ఇరానీ చాయ్ అన్న పేరు మాత్రం వీధి వీధినా బోర్డుల మీద పెరుగుతోంది. పేరు పెరిగి పని తరిగితే, రేపటి పిల్లలకు రెండు గిన్నెల సంగతే తెలియకుండా పోతుంది. అప్పుడు నకిలీని నకిలీ అని చెప్పేవాడు కూడా మిగలడు.

కాబట్టి పాఠక సోదర సోదరీమణులకు ఒక చిన్న విన్నపం. బోర్డు చూసి కాక పని చూసి హోటలు ఎంచుకోండి. మంచి పని కనబడినప్పుడు నాలుగు రూపాయలు ఎక్కువైనా బేరమాడకండి. మీ బస్తీలో దేగ్ దగ్గర తల నెరిసిన బావర్చీలు ఇంకా ఉన్నారు. వాళ్ళు కొలతలు కాగితం మీద రాసుకోలేదు, చేతిలోనే పెట్టుకున్నారు. చదువుకున్న మన పిల్లలు ఒక సెలవురోజు వాళ్ళ పక్కన కూర్చుని, ఎంత మాంసానికి ఎంత గోధుమ, ఏ సెగ, ఎన్ని గంటలు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని రాసిపెట్టాలి. వంటతో పాటు వండినవారి పేరు కూడా రాయాలి. నవాబుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. దేగ్ దించిన వాడి పేరు ఎక్కడా లేదు. ఆ లోటు తీర్చడం మన చేతిలో ఉన్న పని.